మెడ వంచడం నేరం కాదు

మెడ నొప్పి మాట వస్తే చాలు, ఇప్పుడు అందరి ఫోనుల్లోనూ ఒకటే బొమ్మ. పక్కనుంచి గీసిన మనిషి తల వరసగా ముందుకు వంగుతూ పోతుంది. నిటారుగా ఉన్న తల కింద 5 కిలోలు అని ఉంటుంది, 60 డిగ్రీలు వంగిన తల కింద 27 కిలోలు అని ఉంటుంది. ఆదివారం అనుబంధాల్లో అచ్చయింది, వాట్సాప్‌లో తిరిగింది, క్లినిక్కుల గోడలకెక్కింది. దాని వెంటే తీర్పూ సిద్ధం. ఫోను చూస్తూ మెడ వంచావు, అందుకే నొప్పి. మెడ ముందుకొచ్చింది కాబట్టి దవడ వెనక్కి జరిగింది, దవడ జరిగింది కాబట్టి చెవి ముందు కీలు టిక్కుమంటోంది. తల నిలబెడితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నిలబెట్టడానికి భుజాలను వెనక్కి లాగే బెల్టు ఒకటి, మెడకు కాలరు ఒకటి, పళ్ళకు రాత్రిపూట తొడుగు ఒకటి. ఇవన్నీ కొన్నాక ఓపికుంటే వ్యాయామం.

ఈ వరసలో చివర నిలబెట్టిన వ్యాయామం ముందుకు రావాలి, ముందు నిలబెట్టిన కారణం వెనక్కి పోవాలి. మెడ వంపు రోగం కాదు. మెడకైనా దవడకైనా వ్యాయామం పనిచేస్తుంది, అయితే అది పనిచేసేది వంగిన మెడను నిలబెట్టడం వల్ల అనుకోవడం పొరపాటు. మందు మంచిదైతే చాలు, కారణం ఏదైతేనేం అంటారా? తేడా ఉంది. నిటారు మెడే ఆరోగ్యమని నమ్మిన మనిషి మూడు వారాలు అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటాడు. వంపు అలాగే ఉంటుంది. ‘నాకు పడలేదు’ అని మానేస్తాడు. ఆ మూడు వారాల్లో నొప్పి సగానికి దిగిన సంగతి అతని లెక్కలోకే రాదు. అంతకన్నా చెడ్డది, తప్పంతా తన కూర్చునే తీరుదేనని తలవంచి ఒప్పుకుంటాడు.

ముందు ఆ 27 కిలోల సంగతి తేలుద్దాం. 2014లో న్యూయార్క్‌లోని వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్సరాజ్ ఒక చిన్న వ్యాసం రాశాడు. కంప్యూటర్‌లో మెడ నమూనా ఒకటి తయారుచేసి, తల ఇన్ని డిగ్రీలు వంగితే వెన్ను మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టాడు. ఆ వ్యాసంలో రోగి లేడు. నొప్పి ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసింది లేదు. ఒత్తిడి పడితే మెడ పాడవుతుందన్న రుజువూ లేదు. ఉన్నది లెక్క మాత్రమే. సరే, లెక్క ఒప్పే అనుకుందాం. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద మన ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. మెట్లెక్కడం జబ్బని ఎవరైనా బొమ్మ గీశారా? ఎముకకూ కండరానికీ బరువు పడటం కొత్త కాదు, అవి ఉన్నదే దానికి.

మనుషుల్ని చూసిన పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి. 2018లో అచ్చయిన బ్రెజిల్ పరిశోధనలో రియో డి జనీరోకు చెందిన 18 నుంచి 21 ఏళ్ళ 150 మందిని తీసుకున్నారు. వాళ్ళు ఫోను చూసేటప్పుడు ఫోటోలు తీసి, మెడ ఎలా ఉందో ఫిజియోథెరపిస్టుల చేత చెప్పించారు. మెడ తీరుకూ మెడ నొప్పికీ ముడి దొరకలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో అంతకన్నా పెద్ద పని జరిగింది. 17 ఏళ్ళ పిల్లలు 1,108 మందిని కొలిచి, వాళ్ళ మెడలను నాలుగు రకాలుగా విడదీశారు. ఏ రకం మెడ ఉన్నవాళ్ళకూ నొప్పి ప్రత్యేకంగా ఎక్కువ లేదని 2016లో రాశారు. ఒక్కటి మాత్రం కనబడింది. ఛాతీ కుంగి తల ముందుకు వేలాడే పిల్లల్లో దిగులు ఎక్కువ. అంటే వాళ్ళకు కావలసింది బెల్టు కన్నా పక్కన కూర్చుని పలకరించే మనిషి.

ఎదుటిపక్షం దగ్గరా ఒక కాగితం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2019లో ఈ పరిశోధనలన్నిటినీ కూర్చిన ఒక సమీక్ష, పెద్దవాళ్ళలో మెడ నొప్పి ఉన్నవారి తల కొంచెం ఎక్కువ ముందుకు ఉందని తేల్చింది. కౌమారంలో ఉన్నవాళ్ళలో అలా కనబడలేదు. పెద్దవాళ్ళ మాట నిజమే అనుకోండి. ఏది ముందు? కాలు నొప్పి ఉన్నవాడు కుంటుతాడు, కుంటడం వల్ల కాలు నొప్పి వచ్చిందని తీర్పు చెప్పం కదా. నొప్పి ఉన్న మెడ తనకు ఓదార్పు ఉన్న చోట నిలబడుతుంది. వంపూ నొప్పీ ఒకచోట కనబడినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి తల్లి అయిపోదు.

ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ కూడా ఇలాంటి సాక్షులే. ‘మెడ వంపు పోయింది’, ‘ఎముక అరిగింది’, ‘డిస్కు ఉబ్బింది’ అన్న మాటలు రిపోర్టులో చూడగానే ఇంట్లోవాళ్ళ ముఖాలు మాడిపోతాయి. జపాన్‌లో మెడ నొప్పే లేని 1,211 మందికి, ఇరవైల నుంచి డెబ్భైల వయసు దాకా, ఎంఆర్‌ఐ తీశారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం నూటికి 87 మందికి పైగా డిస్కు ఉబ్బు ఉంది. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళే. జుట్టు నెరవడానికి ఎవరూ పేరు పెట్టి భయపెట్టరు, మెడ ఎముక నెరిస్తే మాత్రం స్పాండిలోసిస్ అని బిరుదు ఇస్తారు.

ఇక మన జిల్లాకు రండి. కోలార్‌లో మెడ వంచకుండా చేసే పని ఏదో చెప్పండి. శ్రీనివాసపురం పక్కన మల్బరీ ఆకు కోసే ఆమె మెడ వంచుతుంది. పండిన పట్టుపురుగుల్ని ఏరి చంద్రికలకెక్కించే ఆమె వంచుతుంది. గూళ్ళ దారం తీసేవాళ్ళు ఆవిరి కక్కే తొట్టి మీదికి వంగే ఉంటారు. కోలార్ టొమాటో మార్కెట్‌లో 15 కిలోల పెట్టెలను లారీకెక్కించే హమాలీ మెడ మీద ఏం పడుతుందో న్యూయార్క్ నమూనా లెక్క కట్టలేదు. నరసాపుర పారిశ్రామికవాడలో లైన్ల మీద పనిచేసే ఆడపిల్లల్ని చూడండి. మనం చూసే ఫోన్లలో కొన్నిటిని వంగి బిగించినది వాళ్ళే. ఫోను చూసినవాడి మెడ నొప్పికి ఇంగ్లీషులో పేరుంది, ఫోను బిగించిన పిల్ల మెడ నొప్పికి పేరు లేదు.

బంగారు గనుల ఊరు కేజీఎఫ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. జాన్ టేలర్ కంపెనీ 1880లో దిగిన దగ్గర్నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే దాకా, నూట ఇరవై ఏళ్ళు, ఇక్కడి మనిషి తల వంచే బతికాడు. ఛాంపియన్ రీఫ్‌లో భూమికి మూడు కిలోమీటర్లకు పైగా లోతున తల మీద హెల్మెట్, దాని మీద దీపం, చేతిలో వణికే డ్రిల్లు. ఒక షిఫ్టులో వంగి, ఇంకో షిఫ్టులో తల పైకెత్తి. వాళ్ళ ఊపిరితిత్తులను రాతి దుమ్ము తినేసిన సంగతి అందరికీ తెలుసు. వాళ్ళ మెడల సంగతి ఎవరూ రాసిపెట్టలేదు.

వీళ్ళెవరికీ నొప్పి లేదని నేననడం లేదు. ఉంది, దండిగా ఉంది. ఏళ్ళ తరబడి బరువు మోసిన మెడ ఎముకలు అరుగుతాయి కూడా. కానీ బాధ పెట్టేది వంపు కాదు. గంటలకొద్దీ ఒకే వంపులో ఉండిపోవడం, మధ్యలో లేచి కదిలే వీలు లేకపోవడం, చేసే పనికి చాలినంత బలం కండరానికి లేకపోవడం. ఈ తేడా చిన్నది కాదు. లైను మీద నిలబడే పిల్లకు కావలసింది గంటకోసారి ఐదు నిమిషాల విరామం, మార్చి మార్చి వేసే పని, ఎత్తు సరిపోయే బల్ల. ‘నీ మెడ సరిగ్గా లేదు’ అన్న మాటతో ఆ మూడూ అడగాల్సిన నోరు మూతపడుతుంది. యజమాని పెట్టాల్సిన ఖర్చు బెల్టు రూపంలో ఆమె జీతంలోంచి పోతుంది.

దవడ దగ్గర ఈ తప్పు ఇంకా ముదిరింది. చెవి రంధ్రానికి ముందు వేలు ఆనించి నోరు మెల్లగా తెరవండి. మొదట్లో ఎముక తలుపు బందులా తిరుగుతుంది, సగం తెరిచాక ముందుకు జారుతుంది. తిరగడమూ జారడమూ రెండూ చేసే కీలు ఇది. రెండు ఎముకల మధ్య చిన్న మెత్తటి బిళ్ళ ఉంటుంది. అది కొంచెం ముందుకు జరిగి ఉన్నవాళ్ళలో, నోరు తెరిచినప్పుడు తిరిగి చోటికొస్తూ టిక్కుమంటుంది. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ, శబ్దం మాత్రమే ఉన్నవాళ్ళు లోకంలో కోట్ల మంది. వాళ్ళకు చికిత్స అవసరం లేదు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పట్టిస్తే చాలు, నోరు బాగానే తెరుచుకుంటున్నట్టు లెక్క.

మరి దవడ గురించి ఈ భయం ఎక్కడిది? 1934లో అమెరికాలోని సెయింట్ లూయీలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు, పళ్ళు ఊడి కాటు (పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు) కుంగినవాళ్ళలో చెవి నొప్పి, తల నొప్పి వస్తున్నాయని రాశాడు. ఆయన చూసింది పదకొండు మందిని. ఆ పదకొండు మంది మీదే కాటు సరిచేస్తే దవడ సరవుతుందనే మతం పుట్టింది. దాని పేరిట ఎన్నో బతికున్న పళ్ళను అరగదీశారు, తొడుగులు వేశారు, పీకి కట్టారు. 2003లో కోక్రేన్ సమీక్ష ఈ పళ్ళు అరగదీసే పద్ధతిని పరిశీలించి, దానివల్ల దవడ నొప్పి తగ్గుతుందనిగానీ రాకుండా ఆగుతుందనిగానీ రుజువు లేదని తేల్చింది. అరిగిన పన్ను మళ్ళీ మొలవదు. ఆ మాట గుర్తు పెట్టుకుని పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోండి.

మెడకూ దవడకూ సంబంధమే లేదా? ఉంది, అయితే బొమ్మల్లో చూపించే సంబంధం కాదు. ముఖం నుంచి నొప్పి కబురు తెచ్చే నరమూ, మెడ పైభాగం నుంచి వచ్చే మొదటి మూడు నరాలూ మెదడు కాండంలో ఒకే గదిలోకి వచ్చి చేరతాయి. కబుర్లు అక్కడ కలగాపులగం అవుతాయి. మెడ కండరం పట్టేస్తే కణత నొప్పెడుతుంది, దవడ బిగిస్తే మెడ వెనక లాగుతుంది. స్పెయిన్‌లో 2009లో చేసిన చిన్న పరీక్షలో దవడ నొప్పి ఉన్న 19 మందికి దవడను ముట్టుకోకుండా మెడకు మాత్రమే పది విడతలు చికిత్స చేశారు. దవడ నొప్పి తగ్గింది, నోరు ఇంకొంచెం తెరుచుకుంది. పోల్చి చూడటానికి రెండో గుంపు లేని పరీక్ష అది, దాన్ని వేదవాక్కుగా పట్టుకోను. నరాల గది కథకు మాత్రం అతుకుతుంది.

దవడ నొప్పి ఎవరికి కొత్తగా వస్తుందో తెలుసుకోవాలని అమెరికాలో నాలుగు చోట్ల, ఆ నొప్పి లేని 2,737 మందిని ఏళ్ళ తరబడి వెంబడించారు. 260 మందికి వచ్చింది. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో ముందుకు తేలినవి చూడండి: సరిగా పట్టని నిద్ర, ఒంట్లో అక్కడా ఇక్కడా ఉండే ఇతర బాధలు, మనసు మీది ఒత్తిడి, పళ్ళు బిగించే అలవాటు.

ఇది చదివాక మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే పొద్దుటి రైలు గుర్తురాని కేజీఎఫ్ మనిషి ఉండడు. 1894లో గనుల కోసం బంగారుపేట నుంచి వేసిన ఈ పొట్టి దారి ఇప్పుడు మనుషుల్ని మోస్తోంది. గనులు పోయాక పని బెంగళూరులో, ఇల్లు ఇక్కడ. ఛాంపియన్, ఊర్గాం, కోరమండల్, బీఈఎంఎల్ నగర్ స్టేషన్లలో తెల్లవారకముందే ఎక్కి, పోను రాను రోజుకు నూట యాభై కిలోమీటర్లకు పైగా. కూర్చునే చోటు దొరికితే తల వంచి కునుకు తీస్తారు. ఆ కునుకులో వంగిన మెడను చూసి ‘భంగిమ చెడింది’ అనేవాడికి, ఆ మనిషి రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో అడగాలని తోచదు. ఇంట్లో ఆమె అతనికన్నా ముందు లేచి ఉంటుంది. దవడ నొప్పి మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ, అదీ ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య. ఆ వయసులోనే పిల్లలు, రైలు, వారం వారం మైక్రోఫైనాన్స్ వాయిదా. వసూలు వేధింపులు భరించలేక జనం ఊళ్ళు వదిలిపోతుంటే 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వాయిదా రోజున పళ్ళు బిగబట్టి కూర్చున్న మనిషి దవడకు కాటు సరిచేస్తామంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అయితే చేయాల్సిందేమిటి? 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీర్ఘకాల దవడ నొప్పి మీద మార్గదర్శకాలు అచ్చువేసింది. గట్టిగా చేయమన్నవి ఇవి: దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, సాగతీతలు, దగ్గరుండి చేయించే భంగిమ వ్యాయామాలు, చేత్తో కీలు కదిలించడం, బిగిసిన కండర ముడుల్ని చేత్తో నొక్కడం, మనసును సర్దుకునే శిక్షణ, ఇంట్లో చేసుకునే వ్యాయామంతో పాటు భయం పోగొట్టే మాట. పళ్ళ తొడుగు, కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, బొటాక్స్, కీలు కడగడం వద్దనే వైపు పెట్టింది. తీసెయ్యడానికి వీల్లేని తొడుగులనూ, బిళ్ళ తీసేసే ఆపరేషన్‌నూ గట్టిగానే వద్దంది. వాడుకలో ఉన్న వరసకు ఇది దాదాపు తలకిందులు.

‘చూశారా, భంగిమ వ్యాయామం అన్నారు!’ అని ఎదుటిపక్షం ఇక్కడ లేస్తుంది. వాళ్ళ చేతిలో ఇంకో మంచి సాక్ష్యమూ ఉంది. 2000లో అమెరికాలో దవడ కండరాల నొప్పి ఉన్న 60 మందిలో సగం మందికి భంగిమ శిక్షణ కూడా ఇచ్చారు. నాలుగు వారాల్లో వాళ్ళ దవడ బాధలు సుమారు 42 శాతం తగ్గాయి, శిక్షణ లేనివాళ్ళకు తగ్గింది చాలా తక్కువ. దీన్ని నేను కొట్టెయ్యను, నా వాదనకే వాడుకుంటాను. భంగిమ శిక్షణ పేరుతో వాళ్ళు చేయించింది ఏమిటి? రోజుకు పలుమార్లు మెడనూ భుజాలనూ కదిలించడం, కండరాలకు పని పెట్టడం, ఒంటిని గమనించుకోవడం. పేరు భంగిమది, పని కదలికది. భంగిమ ఊసే లేకుండా కదలికకు మాత్రమే పరీక్ష పెట్టిన చోట ఏమైందో చూడండి. ఫిన్లాండ్‌లో దీర్ఘకాలం మెడ నొప్పితో ఉన్న 180 మంది ఆఫీసు ఉద్యోగినులకు ఒక ఏడాది పరీక్ష పెట్టారు. కొందరికి మెడ బలం పెంచే వ్యాయామం, కొందరికి కండరాల ఓర్పు పెంచేది, కొందరికి ఊరికే సాగతీతలు. 2003లో వచ్చిన ఫలితం: మొదటి రెండు గుంపులకూ నొప్పి బాగా తగ్గింది, సాగతీతల గుంపు వెనకబడింది. ఎవరి తలనూ ఎవరూ నిలబెట్టలేదు, మెడకు బలం వచ్చింది.

చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో పేరుతో ఒక వ్యాయామాల వరస ప్రసిద్ధం. ఆరు కదలికలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. ఆయన సిద్ధాంతమూ భంగిమ మీదే నిలబడింది, దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. కదలికలు మాత్రం బంగారం. ‘న’ అనబోయి ఆగితే నాలుక కొన పై పళ్ళ వెనక చిగురు దగ్గర ఆగుతుంది. నాలుక అక్కడే ఉంచి, పెదవులు కలిపి, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య సందు వదిలి, ముక్కుతో ఊపిరి తీయాలి. ఇదే దవడకు విశ్రాంతి. రోజు మొత్తం మీద చూస్తే తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్ళు ఒకదానికొకటి తగలనక్కర్లేదు. ఆ తగిలే వేళలన్నీ కలిపినా అరగంట ఉండదు. ఇప్పుడు చూసుకోండి, ఇది చదువుతూ మీ పళ్ళు ఎక్కడున్నాయో.

అదే చోట నాలుక ఉంచి, నాలుక ఊడిరాకుండా ఎంతవరకు తెరుచుకుంటే అంతవరకే నోరు తెరిచి మూయాలి. తర్వాత గడ్డం కింద బొటనవేలు ఆనించి, దవడ కదలకుండా వేలికి ఎదురు నెట్టాలి. ఆరు లెక్కపెట్టేంత సేపు, మెల్లగా. నెట్టే బలం మొత్తం బలంలో పావు వంతు మించకూడదు. మెడకు, వెల్లకిలా పడుకుని మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టి, తల ఎత్తకుండా అవునన్నట్టు గడ్డం ఇసుమంత ఆడించి పది లెక్కపెట్టేదాకా ఆపాలి. మెడ ముందు లోతుగా ఉండే చిన్న కండరాలు పనికి దిగేది అప్పుడే. గొంతు దగ్గర పెద్ద కండరాలు తాళ్ళలా ఉబ్బాయంటే ఎక్కువ చేస్తున్నారని అర్థం. మరుసటి రోజు కొంచెం లాగడం మామూలే. చేసిన గంటల తర్వాత కూడా నొప్పి పెరుగుతూ ఉంటే తగ్గించాలి, మానెయ్యకూడదు. నొప్పి దిగాక బలం పెంచేవి, రబ్బరు పట్టీతో, బరువులతో.

దవడ నొప్పెడుతున్న నాలుగు రోజులు మెత్తటి తిండి తినమని డాక్టరు చెబుతాడు. కోలార్ మనిషికి ఇందులో కొత్తేముంది, సంగటి మనం నమలం, మింగుతాం.

ఒకటి మాత్రం వ్యాయామంతో పోయేది కాదు, చెప్పకుండా వదిలేస్తే తప్పు చేసినవాణ్ణవుతాను. నోరు నెల నెలకూ తక్కువ తెరుచుకుంటోంది, కారం తగిలితే భగ్గుమంటోంది, బుగ్గ లోపల తెల్లగా తాడులా తగులుతోంది అంటే అది కీలు కాదు. వక్క, గుట్కా తెచ్చిపెట్టే గట్టిపడే జబ్బు, క్యాన్సరుకు దారి చూపేది. వక్క, ఆకు, కడ్డిపుడి పొగాకు ఆడా మగా నమిలే ఈ ప్రాంతంలో దవడ పట్టేసిందని ఫిజియోథెరపీకి వచ్చినవాళ్ళ నోట్లో ముందు టార్చి వెయ్యాలి. అలాగే చేతిలో పట్టు సడలడం, నడక తూలడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, ఏభై దాటాక కొత్తగా కణత నొప్పితో చూపు మసకబారడం, శ్రమతో దవడలోకీ ఎడమ చేతిలోకీ పాకే నొప్పి. ఇవి డాక్టరు ముందుకు ఆ రోజే పోవాల్సినవి.

ఇవేమీ లేనప్పుడు జరిగే హాని ఎక్కువగా మనం కొని తెచ్చుకునేది. కాలరు నెలల తరబడి పెట్టుకుంటే కండరం చేయాల్సిన పని కాలరు చేస్తుంది, కండరం నీరసిస్తుంది. క్షవరం అయ్యాక మెడ పట్టుకుని రెండు పక్కలా టక్కుమనిపించుకోవడం మగవాళ్ళకు ఎంత సరదానో, అరుదుగానైనా అంత ప్రమాదం. మెడ లోంచి మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కరెంటు పెట్టించుకోవడం ఆ పూటకు హాయి. పది రోజులు కరెంటు పెట్టి వ్యాయామం ఒక్కటీ నేర్పకుండా పంపే చోటికి పదకొండో రోజు వెళ్ళకండి.

మార్గదర్శకంలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ‘దగ్గరుండి చేయించే’. వీడియో చూసి చేసుకోవడం దానికి సాటి రాదు. మొదటి కొన్ని వారాలు పక్కన మనిషి ఉండాలి, గడ్డం ఎంత ఆడించాలో వేలు పెట్టి చూపాలి, టిక్కుమన్నా ఏం కాదని ధైర్యం చెప్పాలి. మనుషులు లేరా అంటే, ఉన్నారు. టమకలో దేవరాజ్ అరస్ మెడికల్ కాలేజీ ప్రాంగణంలో ఫిజియోథెరపీ చదువుతున్నవాళ్ళున్నారు, బీఈఎంఎల్ నగర్‌లో కేజీఎఫ్ డెంటల్ కాలేజీ ఉంది, కోలార్‌లో ఎస్‌.ఎన్‌.ఆర్. జిల్లా ఆసుపత్రి ఉంది. దవడ నొప్పి పళ్ళ డాక్టరుదా, ఎముకల డాక్టరుదా, చెవి డాక్టరుదా అని రోగి తిరగాల్సిన పని లేకుండా పళ్ళ డాక్టరూ ఫిజియోథెరపిస్టూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే సగం పని అయినట్టే.

మిగతా సగం వేళది. సర్కారు ఆసుపత్రి ఓపీ పొద్దున మొదలై సాయంత్రానికి ముగుస్తుంది. ఆ వేళకు కేజీఎఫ్ మెడలూ దవడలూ బెంగళూరులో ఉంటాయి, లేదా రైల్లో ఉంటాయి. జిల్లా ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. వారానికి మూడు సాయంత్రాలు, బెంగళూరు రైళ్ళు వచ్చాక, కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రిలో ఒక గది తెరవండి. ఒక చాప, నాలుగు తువ్వాళ్ళు, ఒక ఫిజియోథెరపిస్టు చాలు. గోడ మీద 27 కిలోల బొమ్మ ఉంటే ముందు దాన్ని దింపెయ్యండి.